లేడివేఁట తుపాకి: రంధ్రప్రమాణ నిర్ణయచరిత్రము

సంస్కృతమున మృగశబ్దము వెదకుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. వెదకి పట్టఁదగిన యడవిజంతువెల్ల మొదట మృగమే. సింహమునకుఁ గల మృగేంద్రనామము ఆ మొదటి యర్థమును నేఁటికిని నిలుపుచున్నది. కాలక్రమమున నా శబ్దము సంకోచము నొంది లేడియందు రూఢమయ్యెను. ఆంగ్లభాషయందును నిట్టి యర్థసంకోచమే జరిగినది. నేఁడు లేడిని, దుప్పిని దెలుపు ‘డీర్’ అను పదము ప్రాచీనాంగ్లమున జంతుసామాన్యవాచకము. దానికి సోదరమగు జర్మను పదము ‘టీర్’ ఇప్పటికిని జంతువనియే యర్థమిచ్చుచున్నది. వేఁట యనఁగానే లేడి స్ఫురించుట యొక్క దేశమునకుఁ జెందిన సంస్కారము కాదని దీనివలనఁ దెలియవచ్చును.

ఆ లేడిని గొట్టు నాయుధమును గూర్చి పాశ్చాత్యదేశములలోఁ జిరకాలముగా నొక వివాదము నడచుచున్నది. తుపాకి గొట్టపు రంధ్రము ఎంత వెడల్పుగా నుండవలెను? రంధ్రము మిక్కిలి చిన్నదైనచో గుండు చాలక జంతువు గాయముతోఁ బాఱిపోవును. మిక్కిలి పెద్దదైనచోఁ దుపాకి వేఁటకాని భుజమును దన్నును. తన్నునకు వెఱచినవాని గుఱి చలించును. చలించిన గుఱినుండి వెడలిన గుండు మరల జంతువును గాయపఱచుటయే కాని చంపుట లేదు. లక్షణమునకు అవ్యాప్తి యెట్లో అతివ్యాప్తియు నట్లే దోషమని శాస్త్రజ్ఞులెఱుఁగుదురు. ఇచ్చటను రెండు దోషములకు ఫలమొక్కటియే: పొదలలోఁ జొచ్చి బాధపడి మెల్లగాఁ జచ్చు జంతువు. ఈ రెండింటి నడుమ నిలువఁదగిన ప్రమాణమును వేఁటకాండ్రును, తుపాకిపనివారును, తుదకు శాసనకర్తలును ఏ క్రమమునఁ గనుగొనిరో నిరూపించుట ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగాఁ బరిభాష. రైఫిలనఁగా గొట్టము లోపల మెలిచాళ్లు గల తుపాకి. ఆ చాళ్లవలన గుండు బొంగరమువలెఁ దిరుగుచు వెడలి తిన్నగాఁ బోవును. గొట్టపు రంధ్రవ్యాసమును క్యాలిబరందురు. ఆంగ్లేయులును అమెరికావారును దానిని అంగుళపు దశాంశములలోను, తక్కిన ఐరోపావారు మిల్లీమీటరులలోను జెప్పుదురు. గుండు, మందు, వానిని బట్టు నిత్తడి గొట్టము, నిప్పుబిళ్ల, ఈ నాలుగును గూడినది తూటా. గుండు బరువును, మందు బరువును గ్రెయినులలోఁ దూఁతురు. 7,000 గ్రెయినులు ఒక పౌను. పేలినప్పుడు తుపాకి వెనుకకు వచ్చుటను శాస్త్రమునఁ బ్రతిఘాతమనవచ్చును. తెలుఁగువారు వ్యవహారమున ‘తుపాకి తన్నినది’ అందురు. ఈ మాటయే క్లుప్తము, స్పష్టము.

తూటాల పేళ్లను జూచి ప్రమాణమును నిశ్చయించుటలో జాగ్రత్త యవసరము. .30-30 అను పేర రెండవ సంఖ్య మందు బరువును, .30-06 అను పేర 1906 అను సంవత్సరమును, .250-3000 అను పేర గుండు వేగమును దెలుపును. రూపమొక్కటియే, ఉత్తరపదార్థము మాత్రము మూఁడు విధములు. విగ్రహవాక్యము తెలియక సమాసమునకు అర్థము చెప్పరాదన్న నియమము ఇచ్చటను వర్తించును.

ఇఁక దన్ను యొక్క స్వరూపము. 1687లోఁ బ్రకటితమైన ప్రిన్సిపియాగ్రంథమున న్యూటను చెప్పిన మూఁడవ సూత్రము దీనికి మూలము: ప్రతిక్రియ క్రియతో సమానమై యెదురుదిక్కునఁ బ్రవర్తించును. గుండు ముందునకుఁ గొనిపోవు ద్రవ్యవేగమెంతయో, దాని వెనుక వెడలు వాయువులతోఁ గూడి, అంతయే తుపాకి వెనుకకుఁ గొనవలెను. ఉదాహరణము: .30-06 తూటాలో 150 గ్రెయినుల గుండు సెకనుకు 2,900 అడుగుల వేగముతో వెడలుననుకొందము. బరువును వేగముచే గుణింప 4,35,000. మందు 55 గ్రెయినులు, దాని వాయువుల వేగము ఉరామరికగా 4,000 అడుగులు, గుణింప 2,20,000. మొత్తము 6,55,000. తుపాకి బరువు 8 పౌనులు, అనఁగా 56,000 గ్రెయినులు. భాగింపఁగాఁ దుపాకి సెకనుకు సుమారు 11.7 అడుగుల వేగముతో వెనుకకు వచ్చును. దాని శక్తి సుమారు 17 అడుగుపౌనులు. ఒక పౌను బరువును ఒక యడుగెత్తు లేపు శక్తి అడుగుపౌను. అదే తూటాను 10 పౌనుల తుపాకిలోఁ గాల్చినచోఁ దన్ను 13.6; 6 పౌనుల తుపాకిలో 22.7. కావున బరువైన తుపాకి మోయువానికి శ్రమయైనను గాల్చువానికి మేలు.

ఈ లెక్కయం దొక రహస్యము గలదు. తన్ను ప్రధానముగా బరువును వేగమును గుణించిన ఫలమును బట్టి పెరుగును. గుండునకు గల శక్తియో, బరువును వేగవర్గముచే గుణించిన దానిని బట్టి పెరుగును. వేగమును రెట్టించినచో ద్రవ్యవేగము రెట్టియగును, శక్తి నాలుగురెట్లగును. కావున బరువు తగ్గించి వేగము పెంచినచో, అదే శక్తిని తక్కువ తన్నుతో సాధింపవచ్చును. ఇది లేడివేఁట తుపాకి చరిత్రకంతకు బీజభూతమైన సూత్రము. అయితే ఆ సూత్రము ఫలింపవలెనన్న వేగమును బెంచఁగల మందు గావలెను. అది 1884 వఱకు లేకుండెను.

అంతవఱకు వాడుకలో నున్నది గంధకము, సూరేకారము, బొగ్గు కలిపిన పొగమందు. దానితో గుండు వేగమును గొంతమేరకే పెంచవచ్చును. అందువలన బలము గావలసినవారు గుండును బెద్దదిగాఁ జేయుటయే యుపాయమనుకొనిరి. ఆ కాలమున రంధ్రమును అంగుళములలోఁ గాక, పౌను సీసమున నెన్ని గుండ్లు వచ్చునో ఆ సంఖ్యతోఁ జెప్పుచుండిరి. 12 బోరనఁగా పౌనుకుఁ బండ్రెండు గుండ్లు. 2 బోరనఁగా రెండే. సంఖ్య తగ్గినకొలఁది తుపాకి పెద్దది.

అట్టి పెద్దతుపాకికిఁ బ్రసిద్ధమైన యుదాహరణము సర్ సామ్యుయెల్ బేకరుది. నైలునది జన్మస్థానములను వెదకి తిరిగిన ఈ యాంగ్లేయుఁడు 1867లోఁ బ్రకటించిన యబిసీనియా యాత్రాగ్రంథమున, అర్ధపౌను గుండును విసరు తన తుపాకిని వర్ణించెను. దానికి ఆయన పెట్టిన ముద్దుపేరు ‘పాప’. ఆయన వెంటనున్న యరబ్బులు దానిని ఫిరంగిపిల్ల యనిరి. అది యేనుఁగులకొఱకైనది, లేళ్లకుఁ గాదు. అయినను అది పేలినప్పుడు తాను గిరగిరఁ దిరిగిపోవుచుంటిననియు, దానిని గాల్చుటకుఁ దానే వెఱచుచుంటిననియు మహాబలుఁడగు బేకరంతవాఁడు వ్రాసియుండుట గమనింపఁదగినది. ఆయుధము శత్రువునకంటె ముందు స్వామికే భయము పుట్టించెను.

ఇందుకు విపరీతమైన మార్గము ఉత్తరామెరికాలో అదివఱకే నడచినది. జర్మనీనుండి పెన్సిల్వేనియాకు వలసవచ్చిన తుపాకిపనివారు, స్వదేశమున వాడుచుండిన పొట్టిగొట్టపు, వెడల్పు రంధ్రపు వేఁటరైఫిలును 18వ శతాబ్దమునఁ గ్రమముగా మార్చి, గొట్టమును బొడిగించి, రంధ్రమును గుదించిరి. అడవులలో దీర్ఘకాలము తిరుగువానికి సీసమును మందును మోయుట భారము, కొనుట వ్యయము. చిన్నగుండునకు రెండును దక్కువ. ఆ సన్నని గుండుతోనే వారు లేళ్లను గొట్టి కుటుంబములఁ బోషించుకొనిరి. పొదుపుకొఱకుఁ బుట్టిన లాఘవము తన్నును గూడఁ దగ్గించెను. లాఘవము మొదట ప్రయోజనాంతరమునకై స్వీకృతమై, పిదపఁ దానే గుణమగుట శాస్త్రములయందును గానవచ్చును.

1871లో బ్రిటిషుసేన స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిలు పొగమందు యుగపుఁ దుది దశను దెలుపును. రంధ్రము 0.45 అంగుళము, గుండు 480 గ్రెయినులు, మందు 85 గ్రెయినులు, వేగము సుమారు 1,350 అడుగులు. దీని తన్ను సైనికులకు భుజముల గమిలించుచు దుష్కీర్తి నొందెను. ఆ కాలపు వేఁటతుపాకులును నించుమించుగా నిట్టివే.

1884లో ఫ్రాన్సుదేశీయుఁడగు పాల్ వియెయ్ అను రసాయనజ్ఞుఁడు పొగలేనిమందును గనిపెట్టెను. 1886లో ఫ్రెంచిసేన 8 మిల్లీమీటరుల లెబెల్ రైఫిలును స్వీకరించెను. అంతకు ముందు దాని రైఫిలు రంధ్రము 11 మిల్లీమీటరులు. 1888లో బ్రిటిషుసేన 0.45 అంగుళమును విడిచి 0.303 అంగుళపు లీ-మెట్‌ఫర్డును జేపట్టెను. వేగమెక్కువైనందున మెత్తని సీసము చాళ్లలో నిలువక, గుండునకు రాగివంటి లోహపు తొడుగు వేయవలసివచ్చెను. మూఁడు నాలుగేండ్లలో ఐరోపా తుపాకుల రంధ్రములన్నియుఁ గుంచించుకొనిపోయెను.

ఈ మార్పు విలువ లెక్కవలననే తెలియును. మార్టినీ-హెన్రీ గుండు ద్రవ్యవేగము 6,48,000. శక్తి సుమారు 1,940 అడుగుపౌనులు. 215 గ్రెయినుల .303 గుండు, పొగలేనిమందుతో 1,970 అడుగుల వేగమున వెడలునప్పుడు, దాని ద్రవ్యవేగము సుమారు 4,23,000. శక్తి సుమారు 1,850. శక్తి యించుమించు సమానము; ద్రవ్యవేగము మూఁడింట రెండువంతులు. దెబ్బ తగ్గకుండఁ దన్ను మాత్రము తగ్గినది.

సైనికులకొఱకుఁ బుట్టిన చిన్నరంధ్రపుఁ దూటాలు వెంటనే వేఁటకాండ్రచేతికి వచ్చెను. జర్మనీలో మౌజరు 1892లో రూపొందించిన 7 మిల్లీమీటరుల తూటాయు, స్వీడను నార్వేలు కలిసి 1894లో నిర్ణయించిన 6.5 మిల్లీమీటరుల తూటాయు, 1903 నాఁటి మాన్లిఖర్-షోనౌవరు 6.5 తూటాయు లేళ్లవేఁటలోఁ గీర్తి గాంచెను. స్కాట్లండు కొండలలో ఎఱ్ఱదుప్పిని వెన్నంటి ప్రాఁకుచుఁ బోవు వేఁటకాండ్రకు తేలికయై, తన్నులేనిదై, దూరమునకుఁ దిన్నగాఁ గాల్చు మాన్లిఖరు మిక్కిలి ప్రియమయ్యెను. ఆంగ్లేయులు దానిని .256 అనిరి. మౌజరు 7 మిల్లీమీటరుల తూటాను లండనులోని రిగ్బీ సంస్థ .275 అను పేర నమ్మెను. గుండు వ్యాసము 0.284 అంగుళమైనను, పేరు చాళ్లనడుమ గట్ల కొలఁతను బట్టి వచ్చినది.

ఆ .275 రిగ్బీకి భారతదేశముతో సంబంధము గలదు. 1907లో కుమావూనులోని చంపావతు పులిని జంపినందులకు జిమ్ కార్బెట్టునకు సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ బహూకరించిన రైఫిలిదియే. 1944లోఁ బ్రకటితమైన కార్బెట్టు గ్రంథమును జదివినవారికి దీని పేరు పరిచితము. ఈ తూటాతోనే డబ్ల్యూ. డి. ఎం. బెల్ అను స్కాట్లండువాఁడు ఆఫ్రికాలో వందలకొలఁది యేనుఁగులను గొట్టెను. ఏనుఁగు కపాలమున మెదడు ఏచోట నుండునో ఆయన శ్రమించి తెలిసికొని, అచ్చటికే గుండును బంపుచుండెను. అది యందఱకు విధియని చెప్పరాదు. అట్టి నేర్పు లేనివారికి ఆ సాహసము ప్రాణాంతకము. కాని గుండు బరువుకంటె గుండు తాఁకు చోటు ప్రధానమని మాత్రము దీనివలన సిద్ధించును.

అమెరికాలో 1895లో వించెస్టరు సంస్థ తన 1894 నమూనా రైఫిలునకు .30-30 తూటాను జేర్చెను. పొగలేనిమందుతో ఆ దేశమున వేఁటకై వెలువడిన చిన్నరంధ్రపుఁ దూటాలలో నిదియే మొదటిది. తన్ను స్వల్పము, తుపాకి తేలిక, దట్టమైన యడవిలో నూఱుగజముల లోపలఁ దెల్లతోఁక లేడికి సంపూర్ణముగాఁ జాలును. 1894 నమూనా రైఫిళ్లు డెబ్బదిలక్షలకుఁ బైగాఁ జేయఁబడినవి.

అయితే తగ్గించుటకును ఒక హద్దు గలదని త్వరలోనే తెలియవచ్చెను. ఛార్లెసు న్యూటను అను నిపుణుఁడు రూపించిన .22 హైపవరు తూటాను సావేజ్ సంస్థ 1912లో విక్రయమునకుఁ దెచ్చెను. 70 గ్రెయినుల గుండు, 2,800 అడుగుల వేగము. చిన్నగుండు మహావేగమున భుజాస్థిని దాఁకి పైననే పగిలిపోవుటయు, లేడి తప్పించుకొనిపోవుటయు సంభవించెను. ఇది అవ్యాప్తి. అదే న్యూటను 1915లో .250-3000 తూటాను రూపించి, 87 గ్రెయినుల గుండునకు సెకనుకు 3,000 అడుగుల వేగమును గల్పించెను. 1934లో రెమింగ్టను సంస్థ .257 రాబర్ట్సును దెచ్చెను. నెడ్ రాబర్ట్సు అను వేఁటకాఁడు మౌజరు 7 మిల్లీమీటరుల తూటా మెడను గుదించి చేసిన ప్రయోగములు దీనికి మూలము.

గుండు నిర్మాణమును ఈ కథలో భాగమే. 1946లో కెనడాలో జాన్ నోస్లరు అను నతఁడు పెద్దదుప్పిజాతి యగు మూసును గొట్టఁగా, గుండ్లు పైననే చితికి లోపలికిఁ జొరవయ్యెను. ఆయన ఆలోచించి, ముందుభాగము పుష్పమువలె విచ్చుకొనునట్లును, వెనుకభాగము అడ్డుగోడచే రక్షింపఁబడి లోతుగాఁ జొచ్చునట్లును గుండును జేసి, 1948లో వ్యాపారమును బ్రారంభించెను. ఇట్టి గుండ్లు వచ్చినపిదపనే చిన్నరంధ్రమునకు నిజమైన సామర్థ్యము గలిగినది. శక్తిసంఖ్య యొక్కటియే చంపదు. ఆ శక్తి హృదయకోశముల వఱకుఁ జేరవలెను.

20వ శతాబ్దపు నడుమ అమెరికాలో ఈ విషయమై రెండు పక్షములు బలపడెను. జాక్ ఓకానరు ఒక పక్షమునకు నాయకుఁడు. ఆయన మొదట అరిజోనా విశ్వవిద్యాలయమున నధ్యాపకుఁడు. పిదప ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో ఆయుధవిభాగమునకు సంపాదకుఁడు. 1925లో వచ్చిన .270 వించెస్టరును ఆయన జీవితాంతము సమర్థించెను. ఎల్మరు కీత్ రెండవ పక్షమునకు నాయకుఁడు. వెడల్పు రంధ్రము, బరువైన గుండు లేక జంతువును గొట్టరాదని ఆయన వాదము. నెపము లేకపోలేదు: కీత్ కొట్టుచుండినవి తఱుచుగాఁ బెద్ద ఎల్కుజాతి దుప్పులు. విషయభేదమును గమనింపక రెండు పక్షములను ఏకవిషయకములుగాఁ జూచుటచేతనే వివాదము పెరిగినది. లేడిమట్టుకు మాత్రము ఓకానరు భార్య ఎలినోరు ఆచరణమే ప్రబలప్రమాణము. ఆమె తేలికయైన 7 మిల్లీమీటరుల మౌజరుతోనే పలుదేశములలో వేఁటాడి, పెద్దతుపాకులవారికిఁ దీసిపోని నిపుణురాలని కీర్తి గాంచినది.

1955వ సంవత్సరమున జరిగినది ఈ చరిత్రలో మిక్కిలి బోధకరము. ఆ యేఁట వించెస్టరు సంస్థ .243 తూటాను, రెమింగ్టను సంస్థ .244 తూటాను వెలువరించెను. రెండింటి గుండ్ల వ్యాసము ఒక్కటియే, 0.243 అంగుళము. కాని వించెస్టరు గొట్టమున చాళ్లు పది యంగుళములకు నొక చుట్టు తిరుగును. రెమింగ్టను గొట్టమునఁ బండ్రెండంగుళములకు నొక చుట్టు. పొడవైన గుండు నిలుకడగాఁ బోవుటకు వడిగాఁ దిరుగవలెను. అందుచే వించెస్టరున లేళ్లకుఁ దగిన 100 గ్రెయినుల గుండు చక్కగా నడచెను. రెమింగ్టను అంతకంటెఁ దేలికగుండ్లకుఁ బరిమితమై, నక్కలకును చిన్నజంతువులకును దగినదని పేరుపడెను. రెమింగ్టను 1963లో పేరు మార్చి 6 మిల్లీమీటరుల రెమింగ్టననియు, తొమ్మిదంగుళముల చుట్టనియు సవరించినను జాఱిన స్థానము తిరిగి రాలేదు. ఒక్క చాలు మెలిలో రెండంగుళముల భేదము రెండు తూటాల భాగ్యములను నిర్ణయించెను.

.243 గుండు లెక్కను మార్టినీ-హెన్రీ లెక్కతోఁ బోల్చిన నీ చరిత్ర సారమంతయుఁ దేటపడును. 100 గ్రెయినులు, 2,960 అడుగులు: శక్తి సుమారు 1,940 అడుగుపౌనులు, అనఁగా మార్టినీతో సమానము. ద్రవ్యవేగము 2,96,000, మార్టినీలో సగమునకును దక్కువ. ఎనుబది నాలుగేండ్లలో దెబ్బ నిలిచినది; తన్ను సగమునకుఁ దఱిగినది.

క్రిందిహద్దును నిర్ణయించుట వేఁటకాండ్ర వివేకమునకే విడువక బ్రిటిషు శాసనసభ 1963లో జింకల శాసనమును జేసెను. ఇంగ్లండు, వేల్సులలో లేళ్లను గొట్టు రైఫిలు రంధ్రము 0.240 అంగుళమునకును, గుండు వెడలునప్పటి శక్తి 1,700 అడుగుపౌనులకును దక్కువ యుండరాదని నియమము. 1991 నాఁటి శాసనము దానిని నిలిపెను. 2007లో మంట్‌జాక్, చైనా నీటిజింక యను చిన్నజాతులకు మాత్రము 0.220 అంగుళము, 1,000 అడుగుపౌనులు చాలునని సడలించిరి. స్కాట్లండులో 1985 నాఁటి ఉత్తరువు పెద్దజాతులకు గుండు 100 గ్రెయినులు, వేగము 2,450 అడుగులు, శక్తి 1,750 అడుగుపౌనులు కనీసమని విధించెను; సీసములేని రాగిగుండ్లు తేలికగా నుండుటచే 2023లో గుండు బరువును 80 గ్రెయినులకుఁ దగ్గించిరి. ఇవి యన్నియు సామాన్యవిధికి అపవాదములుగా జాతిభేదమును బట్టి యేర్పడినవి.

శాసనము క్రిందిహద్దును జెప్పినది, పైహద్దును జెప్పలేదు. పైహద్దును జెప్పవలసినది వేఁటకాని భుజము. 1944లో వచ్చిన .300 వెదర్‌బీ, 1963లో వచ్చిన .300 వించెస్టరు మాగ్నము మొదలగు మహావేగపుఁ దూటాలు లేళ్లవేఁటకాండ్రను గూడ నాకర్షించెను. పైఁ జెప్పిన లెక్కనే 8 పౌనుల తుపాకికి అన్వయింపఁగా .243 తన్ను సుమారు 8 అడుగుపౌనులు, .30-30 తన్ను 9, 6.5 క్రీడ్‌మోరు తన్ను 12, 7 మిల్లీమీటరు-08 తన్ను 13, .30-06 తన్ను 17, .300 వించెస్టరు మాగ్నము తన్ను 26. 15 అడుగుపౌనులు దాఁటినచోఁ బెక్కుమంది గుఱికిఁ జెఱుపగునని అమెరికా వేఁటగ్రంథకర్తలు తఱుచుగాఁ జెప్పు స్థూలనియమము. 1980లో 7 మిల్లీమీటరు-08 రెమింగ్టనును, 2007లో హార్నడీ సంస్థవారి 6.5 క్రీడ్‌మోరును వెలువడి ప్రచారము నొందుట, మాగ్నము మోహము పిదప భుజధర్మమునకు మరలివచ్చుటయే. ఇవి యించుమించుగా 1892, 1894 నాఁటి మౌజరు, స్వీడను తూటాల గుణములనే పొట్టియిత్తడిలోఁ బొందుపఱచినవి.

ఇచ్చట నొక యాక్షేపము పుట్టవచ్చును. గుండు గొట్టమును వెడలుటకుఁ బట్టు కాలము సెకనులో వేయింట ఒకటి రెండు వంతులే. ఆ లోపల 8 పౌనుల తుపాకి వెనుకకు జరుగునది అంగుళములో పదియవవంతునకును దక్కువ. తన్ను భుజమునకుఁ దెలియునప్పటికి గుండు వెళ్లిపోయినది. అట్టిచోఁ దన్ను గుఱినెట్లు చెఱుచును? కార్యము కారణమునకుఁ బూర్వమే సంభవించునా?

దీనికి సమాధానము: గుఱిని జెఱుచునది ఇప్పటి తన్ను కాదు, మునుపటి తన్నుల స్మరణము. పలుమాఱులు దెబ్బతిన్న శరీరము రాఁబోవు దెబ్బను ముందే యెదుర్కొనఁ జూచును. మీట నొక్కుటకు క్షణము ముందు కన్నులు మూఁతపడును, భుజము ముందునకుఁ ద్రోయఁబడును, వ్రేలు మీటను గుంజును. వేఁటకానికి ఈ చలనము తెలియనే తెలియదు. తూటా పేలునప్పుడు ధ్వనిలో నది మునిఁగిపోవును. తూటా లేదని యెఱుఁగనివానికి వట్టితుపాకి నిచ్చి కాల్పించినప్పుడు మాత్రమే అది బయలుపడును. సంస్కారజన్యమైన ఈ దోషమును మాటలతో నుపదేశించి మాన్పలేము. చిన్నతూటాతో నభ్యాసము చేయించి క్రొత్తసంస్కారము పుట్టింపవలెను. అందుచేతనే మొదటిసారి వేఁటకుఁ బోవు యువకులకును, తేలికశరీరము గలవారికిని .243, 7 మిల్లీమీటరు-08, 6.5 తూటాలను బెద్దలు నిర్దేశింతురు. తుపాకి మడమకు రబ్బరుదిండు నమర్చి, మడమ పొడవును వాని చేతికొలఁతకు సరిచేయుదురు.

పెద్దగుండు చిన్నతప్పును గప్పిపుచ్చునను రెండవ యాక్షేపమును బరిశీలింపఁదగినది. హృదయకోశములకు రెండంగుళముల యెడమున దాఁకిన గుండు పెద్దదైనను చిన్నదైనను జంపును. కడుపునఁ దాఁకిన గుండు పెద్దదైనను వెంటనే చంపదు. రెండంగుళముల తప్పుకొఱకుఁ బెద్దతుపాకిని బట్టినవాఁడు, దాని భయమున ఎనిమిదంగుళముల తప్పు చేసినచో, ఆ వ్యాపారమున లాభమేమి? లాఘవమే ఇచ్చట గౌరవమునకు మూలము.

భారతదేశమున ఈ చర్చకు వేఁటరూపమైన ప్రయోజనము లేదు. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణశాసనమును, 1991 నాఁటి సవరణయు వేఁటను నిషేధించినవి. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును, చుక్కల జింక తెలంగాణమునకును రాష్ట్రజంతువులై రక్షణము నొందుచున్నవి. తోడేళ్లు మొదలగు సహజశత్రువులు నశించిన బ్రిటనులో మాత్రము లేళ్లు మితిమీఱి పెరిగి చిగుళ్లను, పంటలను దినుచుండుటచే వానిని ఏఁటేఁట గొంత తగ్గింపవలసివచ్చుచున్నది. చంపుట తప్పనిచోట బాధ లేకుండఁ జంపుటయే ధర్మమని అచ్చటి శాసనములును, వేఁటకాండ్ర యాచారమును అంగీకరించినవి.

ఈ చరిత్రవలనఁ దేలిన సిద్ధాంతమిది. లేడివేఁట తుపాకికి రెండు హద్దులు: జంతువు ప్రాణమునకుఁ జాలినంత యుండుట క్రిందిహద్దు, కాల్చువాని ధైర్యమునకు మించకుండుట పైహద్దు. మొదటి హద్దు శాసనమునఁ గలదు. అది యందఱకు సమానము. రెండవ హద్దు పురుషభేదమును బట్టి మాఱును. దానిని ఎవనికి వాఁడు సత్యముగాఁ గొలుచుకొనవలెను. ఆ కొలఁతలో నభిమానమునకుఁ జోటిచ్చి తన భుజము సహింపలేని తుపాకిని బట్టినవాని తప్పునకు దండన యనుభవించునది వాఁడు కాదు. పొదలోఁ బడియున్న లేడి.